రాతి పగడాల కోసం కట్టిన తొట్టి: విశాఖపట్నం డైరీ

జనవరి

ఉప్పునీటి అక్వేరియం తొట్టి ఇంటికొచ్చింది. మూడడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు. కింద సంప్‌ని (నీళ్ళు వడకట్టే రెండో తొట్టిని) కలుపుకుని, రాళ్ళూ ఇసకా ఆక్రమించే చోటు పోను, సుమారు 200 లీటర్ల నీళ్ళు తిరుగుతాయి. స్టాండు, గాజు, నీళ్ళు, రాళ్ళు అన్నీ కలిస్తే బరువు 350 కిలోలకు తగ్గదు. మాది ఎంవీపీ కాలనీలో రెండో అంతస్తు. హాలు మధ్యలో పెడితే బావుంటుందని ఇంట్లో అందరూ అన్నారు గానీ, బిల్డింగు కట్టిన మేస్త్రీని పిలిపించి అడిగి, కింద బీమ్ ఉన్న గోడవారనే పెట్టించాను. సముద్రపు గాలికి ఇనుము ఎంతకాలం ఆగుతుందో ఈ ఊళ్ళో గేట్లు చూస్తే తెలుస్తుంది. అందుకే స్టాండు మెరైన్ ప్లైవుడ్‌తో చేయించి పైన ఎపాక్సీ పూయించాను.

ఈ తొట్టి ఎవరి కోసమో ముందే రాసి పెడతాను. రాతి పగడాలంటే, అంటే ఒంటి కింద సున్నపు అస్థిపంజరం కట్టుకునే పగడాలంటే, నాకు ప్రాణం. అందులోనూ కొమ్మలు వేసే ఆక్రోపోరాల కంటే, ఇసక మీద ఒంటరిగా బతికే అరుదైన జాతుల మీదే మనసు. నోటుబుక్కులో మొదటి పేరు హెటెరోసామియా కోక్లియా. రెండున్నర సెంటీమీటర్లు దాటని ఈ పగడం నడుస్తుంది. దాని పిల్ల ఇసకలో ఉన్న ఒక చిన్న నత్తగుల్ల మీద వాలుతుంది. ఆ గుల్లలో అప్పటికే ఒక సిపున్‌కులన్ పురుగు కాపురముంటుంది. పగడం పెరిగి పెరిగి గుల్లను పూర్తిగా కప్పేస్తుంది, పురుగు ఉండే సొరంగం మాత్రం మిగులుతుంది. పురుగు మూతి బయటపెట్టి తిండి వెతుక్కుంటూ తనతోపాటు పగడాన్నీ ఈడ్చుకుపోతుంది. బోర్లా పడితే సరిచేస్తుంది, ఇసకలో కూరుకుపోతే పైకి లాగుతుంది. జపాన్‌లో అమామి దీవుల దగ్గర ఇదే పగడంలో పురుగుకు బదులు ఒక హెర్మిట్ పీత కాపురమున్నట్టు 2017లో శాస్త్రవేత్తలు ప్రకటించారు. పీతకి డయోజినిస్ హెటెరోసామికోలా అని పేరు పెట్టారు. అది కూడా పగడాన్ని మోసుకుని తిరుగుతుంది. చదివినప్పుడల్లా నాకు ఒళ్ళు పులకరిస్తుంది.

రెండో పేరు సైనరీనా లాక్రిమాలిస్. మొత్తం ఒకే పాలిప్ (పగడంలో నోరూ స్పర్శకాలూ ఉండే మెత్తటి జీవి), దానికి ఒకే నోరు. పగలంతా నీళ్ళు నింపుకుని ఉబ్బి కూర్చుంటుంది. దాని కండ ఎంత పల్చనంటే లోపలి అస్థిపంజరం పళ్ళు వరసగా బయటికి కనిపిస్తాయి. దీపాలు ఆర్పాక స్పర్శకాలు బయటికొస్తాయి. తర్వాత ట్రాకిఫిల్లియా, బ్లాస్టోముస్సా వెల్సై, డంకనాప్సామియా. వీటిలో వేటికీ భీకరమైన వెలుతురు అక్కర్లేదు. మధ్యస్థమైన కాంతి, మెల్లగా కదిలే నీరు, వారానికి ఒకటి రెండుసార్లు సన్నగా తరిగిన రొయ్య ముక్క. నీళ్ళు మాత్రం నిలకడగా ఉండాలి: ఉప్పు 35 పీపీటీ (వెయ్యికి 35 పాళ్ళు), ఉష్ణోగ్రత 25, 26 డిగ్రీలు, క్షారత 8 డీకేహెచ్ (క్షారతని కొలిచే ప్రమాణం) దగ్గర, కాల్షియం లీటరుకి 420 మిల్లీగ్రాములు, మెగ్నీషియం 1300 పైచిలుకు. తొట్టి డిజైనంతా ఈ అంకెల చుట్టూనే.

ఫిబ్రవరి

ఈ నెలంతా కాగితాల పని. పగడం కొనడానికి ముందే చట్టం చదవాలన్నది నా పట్టుదల, అందుకే ఇంకా తొట్టిలో చుక్క నీళ్ళు పోయలేదు.

వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972 నాటిది. 2001లో దాని మొదటి షెడ్యూల్లోకి చాలా సముద్ర జీవుల్ని చేర్చారు. వాటిలో రాతి పగడాలు, అంటే స్క్లెరాక్టీనియా వర్గం, మొత్తానికి మొత్తం ఉన్నాయి. వాటితోపాటు నల్ల పగడాలు, ఆర్గాన్ పైప్ పగడం, ఫైర్ కోరల్, సముద్రపు విసనకర్రలు. అంటే పులికి ఏ షెడ్యూల్లో రక్షణ ఉందో మా ఊరి దగ్గర మంగమారిపేట రాళ్ళ మీద పెరిగే అరచేతంత పగడానికీ అక్కడే ఉంది. చట్టానికి 2022లో జరిగిన సవరణ 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. మొదటి షెడ్యూల్ జీవుల విషయంలో నేరం రుజువైతే 3 నుంచి 7 ఏళ్ళ జైలు, కనీసం 25,000 రూపాయల జరిమానా. చచ్చిన పగడపు ముక్క కూడా ఇందులోంచి తప్పించుకోదు. అక్వేరియంలో అలంకారానికని తెల్లటి పగడపు కొమ్మలు ఎవరైనా చూపిస్తే కొనకండి.

మరి విదేశీ పగడాల సంగతేమిటని చాలామంది అడుగుతారు. రాతి పగడాలన్నీ సైటిస్ (అరుదైన జీవుల అంతర్జాతీయ వ్యాపారాన్ని అదుపు చేసే) ఒప్పందం రెండో అనుబంధంలో ఉన్నాయి. ఎగుమతి చేసే దేశం అనుమతి పత్రం ఇస్తేనే సరిహద్దు దాటాలి. ఇండోనేషియాలో సముద్రంలోనే బల్లలు కట్టి, తల్లి పగడం నుంచి తీసిన ముక్కల్ని సిమెంటు దిమ్మెల మీద పెంచి, వాటిని అనుమతులతో ఎగుమతి చేస్తారు. ఆస్ట్రేలియాలో క్వీన్స్‌లాండ్ తీరంలో లైసెన్సున్న డైవర్లు కోటా ప్రకారం సేకరిస్తారు. అక్కడి నుంచి అమెరికాకో యూరప్‌కో వెళ్ళిన సైనరీనాని ఎవరైనా రసీదుతో కొనుక్కోవచ్చు. మన దగ్గర అలా కుదరదు. మొదటి షెడ్యూల్లో జీవి పేరుంటుంది గానీ ఏ సముద్రంలో పుట్టిందో ఉండదు. సైటిస్ జాబితా జీవుల్ని ఇంట్లో పెంచేవాళ్ళు కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేష్ పోర్టల్లో నమోదు చేసుకోవాలని 2024లో నిబంధనలు వచ్చాయి. కానీ అదే జీవి పేరు మొదటి షెడ్యూల్లోనూ ఉన్నప్పుడు నమోదు ఒక్కటే రక్షణ అవుతుందని నేను అనుకోవడం లేదు.

ఇవన్నీ చదివాక కూడా అమ్మేవాళ్ళేమంటారో వినాలనిపించి ఒక వ్యాపారికి ఫోన్ చేశాను. వేరే నగరం అతను.

"సార్, ఏ పీసు కావాలన్నా తెప్పిస్తాం. స్కోలీ, ఎకాంత్, టార్చ్, ఏదైనా. ఫొటో పెట్టండి చాలు."

"సైటిస్ కాగితం కాపీ ఇస్తారా అండీ?"

"అవన్నీ ఎందుకు సార్? బిల్లు ఫిష్ అని రాస్తాం. మీ ఇంటికొచ్చి ఎవరు చూస్తారు?"

నమస్కారం చెప్పి పెట్టేశాను. చేప అని బిల్లు రాసిన పగడం ఏ రీఫ్ నుంచి ఊడబెరికిందో అతనికీ తెలియదు, నాకూ తెలియదు. హెటెరోసామియాని ఇంతగా ఇష్టపడుతున్నానంటే, అది తన పురుగుతో కలిసి తన ఇసకలో తిరుగుతోందన్న నమ్మకం నాకుండాలి. కాగితం లేని పగడం ఈ తొట్టిలోకి రాదు. రాతి పగడమైతే అసలు రాదు.

తొట్టి మాత్రం ఖాళీగా ఉండబోవడం లేదు. కోరలిమార్ఫుల గురించి హాబీలో అందరూ 'మష్రూమ్' అని తేలిగ్గా తీసేస్తారు. జీవశాస్త్రం ప్రకారం అవి రాతి పగడాలకు అతి దగ్గరి చుట్టాలు. పాలిప్ నిర్మాణం చూస్తే పగడమే, కింద సున్నపు అస్థిపంజరం ఒక్కటే ఉండదు. ఇవి పూర్వం అస్థిపంజరాన్ని వదిలేసుకున్న పగడాలేనని 2006లో కొందరు శాస్త్రవేత్తలు ప్రతిపాదించారు. తర్వాత వచ్చిన జన్యు విశ్లేషణలు దాన్ని బలపరచలేదు, రాతి పగడాలూ ఇవీ ఒకే తల్లి నుంచి విడిపోయిన రెండు శాఖలని తేల్చాయి. 2007లో ఇజ్రాయెల్ పరిశోధకులు చేసిన ప్రయోగం నాకు ఇంకా ఇష్టం. మధ్యధరా సముద్రపు రెండు రాతి పగడాలను పీహెచ్ 7.3 నుంచి 7.6 మధ్య ఉన్న నీళ్ళలో పెట్టారు. అస్థిపంజరం కరిగిపోయింది గానీ పాలిప్‌లు చావలేదు, మెత్తటి ఒంటితో అలాగే బతికాయి. మామూలు సముద్రపు నీళ్ళలోకి మార్చాక మళ్ళీ అస్థిపంజరం కట్టుకున్నాయి. ఈ రెండు కుటుంబాల మధ్య దూరం ఎంత తక్కువో దీన్నిబట్టి అర్థమవుతుంది.

కోరలిమార్ఫులు సైటిస్‌లో లేవు, మొదటి షెడ్యూల్లోనూ లేవు. దిగుమతైతే క్వారంటీన్ కాగితం, రసీదు అడుగుతాను. ఇక్కడే ఎవరి తొట్టిలోనో పెరిగిన ముక్క దొరికితే మరీ మంచిది. నోటుబుక్కులో కొత్త పేజీ తిప్పి రాశాను: రోడాక్టిస్, డిస్కోసోమా, రికార్డియా యుమా.

మార్చి

రాళ్ళు నేనే పోస్తున్నాను. పగడపు రాయి వాడకూడదు, ఒడ్డున ఉన్న రాయి ఎత్తుకురావడం నాకిష్టం లేదు. ఒక పాలు తెల్ల సిమెంటు, రెండు పాళ్ళు కోళ్ళ మేతలో కలిపే గుల్లల గ్రిట్, ఒక పాలు కళ్ళుప్పు. నీళ్ళు చాలా తక్కువ, పిడికిట్లో ముద్ద నిలిచేంత. తడి ఇసకలో గుంట చేసి, గుంట అడుగున వేళ్ళతో సొరంగాలు తీసి, ముద్దని వదులుగా వెయ్యాలి. గట్టిగా నొక్కితే రంధ్రాలు పూడిపోతాయి. రెండు రోజుల తర్వాత ఇసకలోంచి తీసి నీళ్ళలో పడేస్తే ఉప్పంతా కరిగి లోపల గుల్లగుల్లగా తయారవుతుంది. బాక్టీరియాకి కావలసింది ఆ గుల్లదనమే.

సిమెంటులోంచి సున్నం చాలాకాలం ఊరుతూనే ఉంటుంది. మొదటి వారం బక్కెట్లో పీహెచ్ 12 దగ్గర ఉంది, చెయ్యి పెడితే చర్మం జారుడుగా అయింది. చేతి తొడుగులు లేకుండా ముట్టుకోకూడదు. నీళ్ళు మారుస్తూ నెలన్నర పైనే నానబెట్టాలి. కొత్త నీళ్ళు పోసి రెండు రోజులుంచినా పీహెచ్ 8.5 దాటకపోతే అప్పుడు రాయి సిద్ధమైనట్టు. డాబా మీద వరసగా పెట్టిన బక్కెట్లు చూసి కింది వాటాలో పిన్నిగారు ఆవకాయకి అనుకున్నారట.

ఇదే నెలలో ఒక ఆదివారం డైవింగుకి వెళ్ళాను. రుషికొండ దాటి, శిక్షకుడితో, ఎనిమిది మీటర్ల లోతుకి. నీళ్ళు అనుకున్నదానికంటే చల్లగా ఉన్నాయి. ఈ కాలంలో గాలి ఒడ్డు వెంబడి వీస్తుంటే పైనీరు బయటికి జరిగి కింది చల్లనీరు పైకొస్తుంది. 1950ల్లో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో పనిచేసిన అమెరికన్ సముద్రశాస్త్రవేత్త యూజీన్ లాఫాండ్ ఈ తీరంలో దీన్ని అధ్యయనం చేశాడు. నీళ్ళు కాస్త మసకగానే ఉన్నాయి, చెయ్యి చాచిన దూరం దాటితే అంతా ఆకుపచ్చ పొగ. ఒక బండరాయి పక్కకి రాగానే శిక్షకుడు టార్చి వేసి చూపించాడు. బండకు అంటుకుని పరుచుకున్న ముదురు గోధుమరంగు పొర, పైన తేనెపట్టు గదుల్లా పక్కపక్కనే గుంటలు, ప్రతి గుంట అంచునా సన్నటి తెల్లటి గీతలు. రాతి పగడం! మన ఊరి సముద్రంలో, ఎవరూ పెంచకుండా, ఇంత బురద నీళ్ళలో. గాలి అయిపోతోందని శిక్షకుడు పైకి రమ్మనే దాకా దాని ముందు నుంచి కదల్లేదు. ముట్టుకోలేదు, ఫిన్ తగలకుండా కాళ్ళు వెనక్కి మడిచి ఉంచాను.

తర్వాత జాలారిపేటలో ఒక పెద్దాయన్ని అడిగాను, ఆ బండలు మీకు తెలుసా అని.

"తెలీకేటి బాబూ. అక్కడ వలెయ్యం. చిక్కుకుందంటే చిరిగిపోద్ది. చేపైతే ఆ రాళ్ళకాడే ఉంటాది, గేలంతోనే పట్టాల."

వల పడని చోటు కాబట్టే ఆ పగడం అక్కడ మిగిలిందని నాకనిపించింది.

ఏప్రిల్, మే

వేడి. ఇంతకంటే ఈ రెండు నెలల్లో రాసేదేముంది అనుకున్నాను గానీ, ఉంది.

చాలామంది చిల్లర్ ఖర్చు తప్పించుకోవడానికి నీటి మీద ఫ్యాన్ పెడతారు. నీరు ఆవిరైతే చల్లబడుతుంది, సూత్రం నిజమే. హైదరాబాదులో ఏప్రిల్ ఎండకి ఫ్యాన్ చక్కగా పనిచేస్తుంది, గాలి పొడిగా ఉంటుంది కాబట్టి. మన గాలిలో తేమ ముందే నిండిపోయి ఉంటుంది, ఇంకా ఆవిరి పట్టదు. ఉత్త నీళ్ళతో పరీక్ష పెట్టి చూశాను. బయట 34 డిగ్రీలున్న మధ్యాహ్నం ఫ్యాన్ ఎంత తిరిగినా తొట్టి 30 కిందకి దిగలేదు. 30 దాటిన నీళ్ళలో వారాలు గడిస్తే పాలిప్‌లు తమ లోపలి శైవలాలను వదిలేసి తెల్లబడతాయి. కాబట్టి చిల్లర్ కొన్నాను. పావు హార్స్‌పవర్. 26 దగ్గర పెట్టి, ఒక డిగ్రీ అటూ ఇటూ. తొట్టి మొత్తం సామాన్లో దీనికే ఎక్కువ డబ్బు పోయింది, దీని మీదే నాకు ఏ పశ్చాత్తాపమూ లేదు. చిల్లర్‌ని హాల్లో పెడితే అది వదిలే వేడి మళ్ళీ హాలుకే వస్తుంది, అందుకని పైపులు తీసి బాల్కనీలో పెట్టించాను. సముద్రం వైపు కాకుండా వెనక బాల్కనీలో. ఉప్పుగాలికి దాని కాయిల్ త్వరగా తినేస్తుంది.

కరెంటు సంగతి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చి వెళ్ళాక రోజుల తరబడి చీకట్లో గడిపిన ఊరు ఇది. చిల్లర్‌ని ఇన్వర్టరు మోయలేదు. మోయాల్సిన అవసరమూ లేదు, ముందు చచ్చేది ప్రాణవాయువు అందకే. నీళ్ళని కదిలించే 24 వోల్టుల డీసీ వేవ్‌మేకర్‌ని బ్యాటరీకి కలిపాను. కరెంటు పోగానే తనంతట తానే తక్కువ వేగంతో తిరుగుతుంది. పైన బ్యాటరీతో నడిచే గాలి పంపు ఒకటి విడిగా.

జూన్

రాళ్ళు తొట్టిలోకి దిగాయి. నీళ్ళు ఆర్‌వో తర్వాత, మిగిలిన లవణాల్నీ లాగేసే డీఐ రెజిన్ గుండా పోయినవి, టీడీఎస్ సున్నా. మా బోరునీళ్ళ టీడీఎస్ చూస్తే రెజిన్ వారానికే అయిపోయేది, అందుకే మున్సిపల్ నీళ్ళే పడుతున్నాను. ఉప్పు కలిపి, అమ్మోనియా పోసి, సైకిల్ మొదలు. రాళ్ళలో బాక్టీరియా కుదురుకుని, అమ్మోనియా నైట్రైట్ అయి, నైట్రైట్ నైట్రేట్ అయ్యేదాకా ఆగడం తప్ప పనేమీ లేదు.

ఆగస్టు

సీతమ్మధారలో ఒక అన్నయ్య తొట్టిలో రోడాక్టిస్ కాలనీ ఏళ్ళ తరబడి ఉంది. "నీళ్ళెలా ఉన్నాయో చెప్పు తమ్ముడూ, అప్పుడు కోద్దాం" అన్నాడు. నా టెస్ట్ అంకెలన్నీ ఆయనకి చదివి వినిపించాకే చాకు తీశాడు.

కోయడం దగ్గరుండి చూశాను, సగం నేనే కోశాను. చేతికి నైట్రిల్ తొడుగులు, కళ్ళకి అద్దాలు. పాలిప్‌ని తెల్లటి ప్లాస్టిక్ పళ్ళెంలో పెట్టగానే ముడుచుకుని సగం సైజుకి వచ్చేసింది. కొత్త రేజర్ బ్లేడు. నోరు ఎక్కడుందో చూసుకుని, నోటి మధ్యలోంచి ఒకే కోత. రెండు ముక్కలకీ నోటిలో కొంత భాగం రావాలి, అప్పుడే త్వరగా కోలుకుంటాయి. కోసిన అంచు నుంచి తెల్లటి దారాలు బయటికొచ్చాయి. అవి మెసెంటరీ తంతువులు, తిండి అరిగించేవి అవే. జిగురు బాగా వదిలింది, పళ్ళెంలో నీళ్ళు తోడుకున్నట్టు చిక్కబడ్డాయి. ఆ నీళ్ళు తొట్టిలో పొయ్యకుండా పారబోసి, ముక్కల్ని వేరే ఉప్పునీళ్ళలో కడిగాం.

జిగురు పెట్టి రాయికి అంటిద్దామంటే కుదరదు, ఒళ్ళంతా జారుడు, సూపర్‌గ్లూ ఊడిపోతుంది. అన్నయ్య పద్ధతి: వెడల్పాటి గిన్నెలో గుల్లల గ్రిట్ పరిచి, ముక్కల్ని దాని మీద వేసి, పైన దోమతెర వల కట్టి, నీటి ప్రవాహం తక్కువున్న మూల పెట్టడం. పది పదిహేను రోజుల్లో ఒక్కో ముక్క ఒకటో రెండో గుల్లల్ని పట్టుకుంది. ఇక ఆ గుల్లకి జిగురు రాసి రాయికి అంటించడమే. రాళ్ళు పోసినప్పుడు మిగిలిన గ్రిట్ ఇలా పనికొచ్చింది. కోత మానిన ముక్క మొదట ఒక పక్కకి ఒరిగి, అర్ధచంద్రంగా కనిపిస్తుంది. తర్వాత గుండ్రమవుతుంది. చాకు లేకుండా కూడా అవి పెరుగుతాయి: పాదం జరుపుకుంటూ పోయేటప్పుడు వెనక చిన్న చిన్న తునకలు వదిలేస్తాయి, ఒక్కో తునక ఒక పిల్ల అవుతుంది.

అన్నయ్య దగ్గర పాలిథోవాలు (ఇంకో రకం మెత్తటి పాలిప్‌లు) కూడా ఉన్నాయి. తీసుకోలేదు. పాలిటాక్సిన్ అనే విషాన్ని 1971లో హవాయిలో ఈ జాతి నుంచే వేరుచేశారు. ఇంట్లో చిన్నపిల్లలున్నారు. యాంప్లెక్సిడిస్కస్ అనే ఏనుగు చెవి మష్రూమ్ కూడా వద్దనుకున్నాను. దాని మీద చేప వాలితే అంచులు పైకి లేచి నెమ్మదిగా మూసుకుంటాయి, చేప బయటికి రాదు. నేను తెచ్చుకోబోయే హేచరీ క్లౌన్ చేపల జతకి అదే ప్రమాదం. సీఎంఎఫ్ఆర్ఐ (కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ) వాళ్ళు క్లౌన్ చేపల్ని హేచరీలో పెంచే పద్ధతులు ఎప్పుడో సాధించారు, సముద్రంలో పట్టిన చేప కొనాల్సిన పనే లేదు.

అక్టోబరు

ఎదురుగా సముద్రం పెట్టుకుని ఉప్పు కొంటావేంటని మా మావయ్య ప్రతి ఫోన్లోనూ అంటాడు. ఆయన కోసమే ఈ ఎంట్రీ.

ఏప్రిల్లో పడవ మీద కొంచెం లోపలికి వెళ్ళి తెచ్చిన నీళ్ళు ఉప్పు కొలిచే రిఫ్రాక్టోమీటరులో 34 చూపించాయి. ఈ నెలాఖర్లో అదే చోటి నీళ్ళు 25 కూడా దాటలేదు. బంగాళాఖాతంలోకి గంగ, బ్రహ్మపుత్ర, మహానది పోసిన వాననీరంతా ఈ కాలంలో ఒడ్డు వెంబడి దక్షిణానికి దిగుతుంది. వేసవి ముందు ఉత్తరానికి పోయే ప్రవాహం అక్టోబరుకి తిరగబడి మన తీరం మీదుగా ఆ తీపినీటిని మోసుకొస్తుంది. గోదావరి, వంశధార, నాగావళి ఒండ్రు దీనికి అదనం. లక్షద్వీప్, అండమాన్, మన్నారు సింధుశాఖ, కచ్ సింధుశాఖల్లో రీఫులు ఉన్నాయి, ఆంధ్ర తీరంలో రీఫ్ కట్టలేదంటే కారణాల్లో ఇది పెద్దది. మార్చిలో నేను చూసిన ఆ గోధుమరంగు పగడం ప్రతి ఏడూ ఈ ఉప్పు తగ్గుదలని తట్టుకుని బతుకుతోంది. దాని మీద గౌరవం రెట్టింపయింది. నా తొట్టిలో మాత్రం 35 నుంచి 34కి దిగితేనే రోడాక్టిస్ ముఖం ముడుచుకుంటుంది.

కాబట్టి మావయ్యా, ఉప్పు కొంటూనే ఉంటాను.

డిసెంబరు

రాళ్ళ మీద గులాబీ రంగు, ఊదారంగు మచ్చలు పరుచుకున్నాయి. కోరలైన్ శైవలం. అన్నయ్య తొట్టి నుంచి ముక్కలతోపాటు వచ్చి ఉంటుంది. రాతి పగడం ఎలా సున్నం కట్టుకుంటుందో ఇదీ నీళ్ళలోంచి కాల్షియం, కార్బొనేటు లాక్కుని అలాగే కట్టుకుంటుంది. అంటే రాతి పగడాల కోసం నేను నేర్చుకున్న రసాయనమంతా ఇప్పుడు పనిలోకొచ్చింది.

లెక్క చెబుతాను, ఎవరికైనా పనికొస్తుంది. కాల్షియం కార్బొనేటు ఏర్పడేటప్పుడు క్షారత 1 డీకేహెచ్ తగ్గితే కాల్షియం లీటరుకి 7 మిల్లీగ్రాములే తగ్గుతుంది. ఇంట్లో వాడే కాల్షియం కిట్‌కి 7 మిల్లీగ్రాముల తేడా కనిపించదు, ఒక చుక్కకే 10, 20 మారిపోతుంది. క్షారత 8 నుంచి 7కి దిగితే మాత్రం కిట్ స్పష్టంగా చెబుతుంది. అందుకే వారం వారం కొలవాల్సింది క్షారతని. కాల్షియం నెలకోసారి చాలు. నా తొట్టిలో రోజుకి 0.15 డీకేహెచ్ దాకా తగ్గుతోంది.

దాన్ని పూడ్చడానికి సున్నపునీళ్ళు. కిళ్ళీకొట్టు సున్నం వద్దు, అందులో ఏం కలుస్తుందో చెప్పలేం. ఫుడ్‌గ్రేడ్ కాల్షియం హైడ్రాక్సైడ్ దొరుకుతుంది. లీటరు ఆర్‌వో నీళ్ళలో చెంచాడు వేసి కలిపి మూత బిగించి ఉంచితే, కరిగేది రెండు గ్రాముల లోపే, మిగతాది అడుగుకి దిగుతుంది. మూత తీసి ఉంచితే గాలిలో కార్బన్ డయాక్సైడ్ తగిలి పైన తెల్లటి పొర కడుతుంది, ఆ మేరకి బలం పోయినట్టే. పైన తేరిన నీళ్ళు లీటరు పోస్తే 200 లీటర్ల తొట్టిలో క్షారత సుమారు 0.57 డీకేహెచ్ పెరుగుతుంది. నాకు రోజుకి పావు లీటరు పైచిలుకు సరిపోతోంది. ఆవిరైన నీళ్ళ బదులు పోసే నీళ్ళలోనే ఇది కలిసిపోతుంది. రాత్రి దీపాలు ఆరాక, సెలైన్ సెట్టు పైపుతో చుక్కచుక్కగా పడేట్టు పెట్టాను. రాత్రి కిరణజన్య సంయోగక్రియ ఆగి పీహెచ్ దిగుతుంది, సున్నం దాన్ని పైకి లేపుతుంది. ఒక్కసారిగా పోస్తే పీహెచ్ ఎగిరి పాలిప్‌లు కాలిపోతాయి. ఈ ఒక్క విషయంలో తొందరపడకండి.

పోయిన వారం బెంగళూరు దిగుమతిదారు ఒకరు రికార్డియా యుమా పంపారు, క్వారంటీన్ కాగితం కాపీ, జాతి పేరు రాసిన రసీదుతో సహా. నారింజ రంగు బుడిపెలు, మధ్యలో నోటి చుట్టూ ఆకుపచ్చ వలయం. యుమా ప్రయాణంలో బాగా నలుగుతుంది. వచ్చినప్పుడు నోరు తెరుచుకుని ఉంది, అది మంచి గుర్తు కాదు. వెలుతురు సగానికి తగ్గించి, రాళ్ళ నీడలో పెట్టి, తిండి పెట్టకుండా వదిలేశాను. ఇప్పుడు నోరు మూసుకుంది, బుడిపెలు నిండాయి. ఇంకో రెండు వారాలు ఆగి ఆర్టీమియా (రొయ్యలాంటి బుల్లి జీవి) పిల్లల్ని పెడతాను.

రోడాక్టిస్ ఇప్పుడు నా దగ్గర పంచడానికి సరిపడా ఉంది. విశాఖలో ఎవరికైనా తొట్టి సైకిల్ పూర్తయి, ఉష్ణోగ్రత 27 దాటకుండా నిలబడి ఉంటే వచ్చి తీసుకెళ్ళండి, డబ్బు అక్కర్లేదు. మూత గట్టిగా పడే లీటరు డబ్బా ఒకటి తెచ్చుకోండి. మీ ఉప్పు, క్షారత అంకెలు ముందురోజే చెబితే దానికి తగ్గట్టు ఇక్కడే మెల్లగా అలవాటు చేసి ఇస్తాను.